ఆకాశానికి అంకితమైన జీవితం: శ్రీ అంకితం వెంకట నరసింగరావు

ఉత్తరాంధ్ర తీరవాసికి సముద్రమూ, ఆకాశమూ రెండూ ఇంటి ముంగిళ్ళ వంటివే. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో వలలు వేసే జాలరులు తరతరాలుగా చుక్కలను చూచి వేళను, దిక్కును గుర్తించేవారు. సిద్ధాంతులు పంచాంగ గణితంతో గ్రహణాలను ముందుగా చెప్పేవారు. పడమటి దిక్కున నెలవంకను చూచి ముస్లిం సోదరులు మాసారంభాన్ని నిర్ణయించుకొనేవారు. ఆకాశంతో మన ప్రాంత ప్రజలకు గల అనుబంధం ఈనాటిది కాదు. అయితే ఆ ఆకాశాన్ని దూరదర్శినితో పరిశీలించి, క్షణాలను లెక్కించి, ఆ లెక్కలను లోకంలోని శాస్త్రవేత్తల ముందుంచిన తెలుగువారు పందొమ్మిదవ శతాబ్దంలోనే ఈ తీరాన ఉండేవారని మనలో ఎందరికి తెలుసు?

విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరు వినని విద్యార్థి మన ప్రాంతంలో అరుదు. కాని ఆ మూడక్షరాల వెనుక ఉన్న వ్యక్తి ఎవరని అడిగితే సమాధానం చెప్పగలవారు కొద్దిమందే. ఆయనే అంకితం వెంకట నరసింగరావు గారు. ఆంగ్ల పత్రికలలో ఆయన పేరు నర్సింగ్ రో అని అచ్చయ్యేది. తెలుగువాడు చదివితే తనవాడని పోల్చుకోలేని ఆ రూపంలోనే లండను ఖగోళ శాస్త్రవేత్తలు ఆయనను ఎరుగుదురు. ఇంటిపేరు అంకితం, జీవితం కూడా ఒక వేధశాలకు అంకితం. ఆ సార్థక నామధేయుని చరిత్రను మన కళాశాల విద్యార్థులకు పరిచయం చేయుటే ఈ వ్యాసం ఉద్దేశం.

నరసింగరావు గారు 1827లో జన్మించారు. ఆనాటికి నేటి విజయనగరం జిల్లా వేరుగా లేదు. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలన్నీ విశాఖపట్నం జిల్లాలోనివే. శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడినవి. కనుక విశాఖపట్నంలో వెలసిన ఆ వేధశాలను మనందరి ఉమ్మడి వారసత్వంగా భావించుటలో తప్పు లేదు.

నరసింగరావు గారి జీవితాన్ని తెలుసుకొనుటకు ముందు ఆయన మామగారిని స్మరించవలసి ఉంటుంది. గోడే వెంకట జగ్గారావు గారు 1817లో జన్మించిన సంపన్న జమీందారు. ఆ కాలపు జమీందారులలో కొందరు సంగీతాన్ని, కొందరు కవులను, కొందరు మల్లులను పోషించారు. జగ్గారావు గారి మనస్సు మాత్రం గణితం మీదకు, గ్రహగతుల మీదకు పోయింది. ఆయన మదరాసు వెళ్ళి, అక్కడి ప్రభుత్వ వేధశాలాధిపతి టి.జి. టేలరు వద్ద విద్యార్థిగా నిలిచి ఖగోళ శాస్త్రాన్ని అభ్యసించారు. టేలరు సామాన్యుడు కాడు. 11,000కు పైగా నక్షత్రాల స్థానాలను నిర్ణయించి 1844లో ప్రకటించిన ప్రసిద్ధుడు. అట్టి గురువు వద్ద పాఠం నేర్చిన జగ్గారావు గారు స్వస్థలానికి తిరిగివచ్చి, 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్సులో తన సొంత వ్యయంతో వేధశాలను నెలకొల్పారు. భారతీయుడొకడు పాశ్చాత్య పద్ధతిలో సొంతంగా స్థాపించి నడిపిన తొలి వేధశాలలలో అది ఒకటి.

1856లో జగ్గారావు గారు నలువది ఏండ్లైనా నిండకుండానే కాలధర్మం చెందారు. ఇటువంటి సందర్భాలలో సాధారణంగా జరిగేది మనందరికీ తెలిసిందే. కట్టినవాని ముచ్చట కట్టినవానితోనే పోతుంది. యంత్రాలకు తుప్పు పడుతుంది, కటకాలకు బూజు పడుతుంది, గది ధాన్యపు కొట్టుగా మారుతుంది. కాని ఇక్కడ ఆ విధంగా జరుగలేదు. జగ్గారావు గారి అల్లుడైన నరసింగరావు గారు అప్పటికి ప్రభుత్వోద్యోగంలో ఉన్నారు. కంపెనీ ఏలుబడిలో అది గౌరవప్రదమైన స్థానం. ఆయన ఆ ఉద్యోగాన్ని వదలుకొని ఆస్తి నిర్వహణతోపాటు వేధశాల బాధ్యతను కూడా తలకెత్తుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు ఇరవై తొమ్మిది సంవత్సరాలు. మామగారి ఆస్తిని అనుభవించిన అల్లుళ్ళు లోకంలో చాలామంది ఉండవచ్చు. మామగారి ఆశయాన్ని వారసత్వంగా స్వీకరించి ముప్పది ఆరు సంవత్సరాలు మోసిన అల్లుడు అరుదు.

ఆ రోజులలో విశాఖపట్నానికి రైలు లేదు. లోతైన నౌకాశ్రయమూ లేదు. అది 1933లో గాని ప్రారంభం కాలేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకొనేవి. మనుష్యులు, సరకులు మసూలా పడవలలో అలల మీద ఊగుతూ ఒడ్డు చేరవలసిందే. విదేశాలలో తయారైన దూరదర్శినులు, గడియారాలు ఇంత ప్రయాణం చేసి చెక్కు చెదరకుండా గట్టుకు చేరుటయే ఒక ఘనకార్యం. ఏదైనా మర విరిగితే బాగుచేయగల నిపుణుడు వందల మైళ్ళ దూరంలో ఉండేవాడు. ఈ కష్టాల నడుమ నరసింగరావు గారు వేధశాలను కేవలం జమీందారుల వినోదంగా ఉంచక, ప్రజోపయోగ సంస్థగా తీర్చిదిద్దారు.

ఆ ఉపయోగాలలో ముఖ్యమైనది సమయ నిర్ణయం. దేశమంతటికీ ఒకే కాలమానం 1906లో గాని రాలేదు. అంతకుముందు ఏ ఊరి సమయం ఆ ఊరిదే. సముద్రం మీద ప్రయాణించే నావికునికి సరియైన సమయం తెలియుట ప్రాణావసరం. భూమి తన చుట్టూ తాను గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కనుక ఓడలోని గడియారం నాలుగు సెకండ్లు తప్పితే, భూమధ్యరేఖ వద్ద ఓడ స్థానం ఒక నాటికల్ మైలు తప్పుతుంది. నాలుగు నిమిషాలు తప్పితే అరవై మైళ్ళ పొరపాటు. రాళ్ళున్న తీరంలో అది మృత్యువే. వేధశాలలో నక్షత్రాలు మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని పరిశీలించి గడియారాన్ని సరిదిద్దేవారు. ఆ సమయాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండమీది జెండా స్తంభం నుండి సంకేతంగా ఓడలకు అందించే ఏర్పాటు ఉండేది. ఆకాశంలోని చుక్క ఒక కొండమీది జెండాగా మారి, నడిసంద్రంలోని నావికుని ప్రాణం కాపాడుట శాస్త్రానికీ లోకానికీ గల సంబంధాన్ని చెప్పే చక్కని దృష్టాంతం.

రెండవ ఉపయోగం వాతావరణ పరిశీలన. ఉష్ణోగ్రత, వాయుభారం, గాలి దిశ, వర్షపాతం మొదలైన వాటిని నిత్యం నమోదు చేయించి ఆ ఫలితాలను ప్రకటించేవారు. తుపానుల తీరంలో ఇది ఎంత విలువైన పనియో వేరుగా చెప్పనవసరం లేదు. 1876 అక్టోబరులో విశాఖపట్నం తీరాన్ని పీడించిన తుపానును గురించి ప్రభుత్వమే ప్రత్యేక నివేదికను ప్రచురించింది. నేడు తుపాను రాకను రోజుల ముందుగా తెలుసుకొని పల్లెలను ఖాళీ చేయిస్తున్నామంటే, దాని మూలంలో నాడు దీపం వెలుతురులో వాయుభారమాపకాన్ని చూచి అంకెలు వ్రాసిపెట్టిన అజ్ఞాత పరిశీలకుల ఓర్పు ఉన్నది.

ఇక ఖగోళ పరిశీలనల విషయం. నరసింగరావు గారి కాలం ఆకాశంలో అపూర్వ సంఘటనల కాలం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, ఆంగ్లేయుడైన టెన్నెంటు, మచిలీపట్నంలో మదరాసు వేధశాలాధిపతి పోగ్సన్ విడిది చేసి ఆ గ్రహణాన్ని పరిశీలించారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు ప్రజ్వరిల్లే వాయువులని నాడు నిర్ధారణ అయింది. హీలియం అనే మూలకపు తొలి జాడ కూడా ఆనాటి పరిశీలనలలోనే కనిపించింది. టెన్నెంటు బృందం గుంటూరులో తడి పలకల మీద గ్రహణపు ఛాయాచిత్రాలను తీసింది. తెలుగు నేల మీద ఆకాశం ఛాయాచిత్రానికి లొంగిన ఘడియ అది. అదే సంవత్సరం నవంబరులో బుధుడు సూర్యబింబం మీదుగా నడిచాడు. ఇటువంటి సంఘటనలను విశాఖ వేధశాల నుండి గమనించి, నరసింగరావు గారు తమ ఫలితాలను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపేవారు. 1870ల ఆరంభంలో ఆ సంఘం ఆయనను తన సభ్యునిగా ఎన్నుకొన్నది. భారతీయులలో ఆ గౌరవం పొందిన తొలితరం వారిలో ఆయన ఒకరు.

ఆయన జీవితంలోని మహాఘట్టం 1874 డిసెంబరు 9. ఆ ఉదయం శుక్రగ్రహం ఒక చిన్న నల్లని బిందువు వలె సూర్యబింబం మీదుగా నాలుగు గంటలకు పైగా పయనించింది. అంతకుముందు అట్టి దృశ్యం 1769లో సంభవించింది. 1882లో మరల వచ్చినా అది మన దేశంలో రాత్రివేళ; కనుక కనిపించలేదు. ఆ తరువాత 2004 వరకు అవకాశమే లేదు. ప్రపంచంలోని అగ్రరాజ్యాలన్నీ దీనికై ఓడలలో పరిశీలకులను దేశదేశాలకు పంపినవి. భూమి మీద వేర్వేరు చోట్ల నుండి శుక్రుడు సూర్యబింబాన్ని తాకే క్షణాన్ని, విడిచే క్షణాన్ని గుర్తించి పోల్చితే సూర్యుని దూరం గణించవచ్చు. సూర్యుని దూరం తెలిస్తే సౌరకుటుంబం మొత్తానికి కొలబద్ద దొరికినట్లే. ఆ దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లని నేడు పాఠశాల బాలుడు కూడా చెప్పగలడు. ఆ అంకె వెనుక ఎందరి నిరీక్షణ ఉన్నదో తలచుకొనేవారు తక్కువ. నరసింగరావు గారు ఆ సంవత్సరానికి వేధశాలలో ఆరు అంగుళాల దూరదర్శినిని సిద్ధం చేసుకొని ఆ పరిశీలనలో పాల్గొన్నారు. మదరాసు వేధశాలలోని చింతామణి రఘునాథాచార్యులు గారు ఇదే సంఘటనను సామాన్యులకు తెలియజేయుటకై వ్రాసిన పుస్తకం ఉర్దూలో కూడా వెలువడిందన్న విషయం మన కళాశాల విద్యార్థులకు ప్రత్యేకంగా ఆనందం కలిగించగలదు.

ఇంతవరకు చెప్పిన పరిశీలనలన్నీ కంటితో చూచి చేతితో వ్రాసినవి. కాని మనిషి కన్ను ఒక పరిమితి గల సాధనం. ఒక క్షణంలో ఎంత వెలుతురు పడితే అంతే చూస్తుంది. ఎంతసేపు చూచినా వెలుతురును కూడబెట్టలేదు. ఛాయాచిత్రపు పలక అట్లా కాదు. గంటసేపు తెరచి ఉంచితే గంటసేపటి వెలుతురును బొట్టు బొట్టుగా దాచుకొంటుంది. ఆకాశంలో మసక మేఘాల వలె కనిపించే నీహారికలను, నక్షత్రవీథులను తెలుసుకొనుటకు ఇదే మార్గమైనది. పారసీక దేశపు ఖగోళ విద్వాంసుడు అబ్దుర్ రహ్మాన్ అల్ సూఫీ 964 ప్రాంతంలోనే దేవయాని రాశిలో ఒక చిన్న మేఘం వంటిది ఉన్నదని తన నక్షత్ర గ్రంథంలో నమోదు చేశాడు. ఆ చిన్న మేఘం 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరొక మహా నక్షత్రవీథి అని తెలియుటకు దాదాపు వెయ్యి సంవత్సరాలు పట్టింది. 1888లో ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్స్ తీసిన చిత్రం దాని సుడుల నిర్మాణాన్ని చూపింది. 1923లో హబుల్ మరొక పలక మీద అందులోని ఒక చంచల నక్షత్రాన్ని గుర్తించి దాని దూరానికి దారి చూపాడు.

ఇక్కడ ఒక విచిత్రమైన పోలిక గమనింపదగినది. జగ్గారావు గారు వేధశాల కట్టిన 1840లోనే న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ చంద్రుని ఛాయాచిత్రాన్ని తీశాడు. ఆయన కుమారుడు హెన్రీ డ్రేపర్ 1880లో మృగశిర నీహారికను 51 నిమిషాలపాటు పలక మీద పట్టి, నీహారికా ఛాయాగ్రహణానికి ఆద్యుడయ్యాడు. అక్కడ తండ్రి పనిని కొడుకు కొనసాగించాడు. ఇక్కడ మామ పనిని అల్లుడు కొనసాగించాడు. హెన్రీ డ్రేపర్ వృత్తిరీత్యా వైద్యుడు. రాబర్ట్స్ భవన నిర్మాణ వ్యాపారి. జీతం తీసుకొనే ఖగోళ శాస్త్రవేత్తలు కారు. ప్రేమకొద్దీ ఆకాశాన్ని ఆశ్రయించినవారు. మన నరసింగరావు గారు కూడా ఆ కోవకు చెందినవారే.

పందొమ్మిదవ శతాబ్దం చివర, మదరాసు ప్రభుత్వ పర్యవేక్షణలోకి వచ్చిన కాలంలో, విశాఖ వేధశాల ఖగోళ ఛాయాగ్రహణాన్నే తన ప్రత్యేక రంగంగా చేపట్టవలెనని సంకల్పించింది. ఆ సంకల్పం ఎంత సాహసోపేతమైనదో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. భూభ్రమణం వల్ల నక్షత్రాలు కదులుతాయి. దూరదర్శిని కూడా గడియారపు యంత్రంతో అదే వేగంతో కదలకపోతే చుక్కలు గీతలైపోతాయి. దాని ఇరుసును ధ్రువనక్షత్రం వైపు, విశాఖలో క్షితిజం నుండి సుమారు పదిహేడున్నర డిగ్రీలకు కొంచెం ఎక్కువగా వంచి నిలపాలి. పరిశీలకుడు గంటల తరబడి ఒక నక్షత్రాన్ని కళ్ళెదుట సన్నని దారం మీద నిలిపి ఉంచాలి. పాతకాలపు తడి పలకలు కొద్ది నిమిషాలలోనే ఆరిపోయేవి. తరువాత వచ్చిన జెలటిను పొడి పలకలు దీర్ఘకాలం వెలుతురును పట్టగలిగినా, మన వేసవి వేడికి నీటిలో మెత్తబడి ముడతలు పడేవి. సముద్రపు ఉప్పుగాలి లోహాన్ని, అద్దాన్ని తినివేసేది. వర్షాకాలపు మబ్బులు నెలల తరబడి ఆకాశాన్ని మూసివేసేవి. కాని లాభమూ లేకపోలేదు. ఐరోపా వేధశాలలకు ఎన్నడూ కనిపించని దక్షిణాకాశపు నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు ఈ తీరం నుండి సముద్రం మీద కనిపిస్తాయి.

నరసింగరావు గారు 1892లో పరమపదించారు. ఆయన కాలంలో వటవృక్షంగా ఎదిగిన వేధశాల ఆ తరువాత వారసుల చేతులలోను, ప్రభుత్వ పర్యవేక్షణలోను కొంతకాలం నిలిచినా, ఛాయాగ్రహణ సంకల్పం ఒక దీర్ఘ సంప్రదాయంగా వేళ్ళూనలేదు. శాస్త్రానికి ధనం కావాలి, యంత్రం కావాలి. అంతకన్న ముఖ్యంగా తరువాతి మనిషి కావాలి. జగ్గారావు గారికి నరసింగరావు గారు దొరికారు. నరసింగరావు గారి తరువాత అంతటి మనిషి ఆ దూరదర్శినికి దొరకలేదు. ఈ చరిత్రలోని విషాదమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

అయితే ఆయన పేరు మరొక రూపంలో నిలిచింది. ఆయన ధర్మపత్ని ఇచ్చిన భూరి విరాళంతో విశాఖపట్నపు కళాశాల మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అయింది. 1892లోనే ఆ కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాల ఉపన్యాసకుడుగా చేరిన చంద్రశేఖరయ్యరు గారి కుమారుడే సర్ సి.వి. రామన్. ఆయన బాల్య విద్య విశాఖలోనే సాగింది. మదరాసు వెళ్ళేముందు చదివినది ఈ కళాశాలలోనే. తరువాత కలకత్తాలో రామన్ పరిశోధనలు చేసిన సంస్థలోని ప్రయోగశాల విజయనగర సంస్థానాధీశుల విరాళంతో కట్టినది. దాని పేరే విజయనగరం ప్రయోగశాల. ఉత్తరాంధ్ర ధనం విజ్ఞానానికి ఏ విధంగా వినియోగపడిందో చూచి మనం గర్వింపవచ్చు.

మన ప్రాంతానికి మరింత దగ్గరి సంబంధం కూడ ఉన్నది. అంకితం వారి వంశీయులైన జగ్గారావు బహద్దరు గారు ఎచ్చెర్ల సమీపాన గల షేర్ మహమ్మద్ పురం జమీందారులు. శ్రీకాకుళంలో 1641లో జామియా మసీదు కట్టించిన ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరును తలపించే గ్రామమది. ఒక ముస్లిం పాలకుని పేరు గల ఊరు, ఒక హిందూ జమీందారు కుటుంబం, లండను శాస్త్ర సంఘం, మదరాసు ఆంగ్ల గురువు, ఇవన్నీ ఒకే కథలో కలియుట విజ్ఞానానికి ఎల్లలు లేవని చాటుతున్నది. నేడు ఆ గ్రామంలో వందలాది విద్యార్థులు సాంకేతిక విద్య నభ్యసిస్తున్నారు.

విశాఖలో ఫలించని ఆశ తెలుగు నేల మీదనే మరొకచోట ఫలించింది. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ గారు 1901లో సొంత ధనంతో వేధశాల స్థాపించి, ఇంగ్లండు నుండి దూరదర్శినులు తెప్పించారు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. ఎనిమిది అంగుళాల ఛాయాగ్రహణ దూరదర్శినితో అక్కడివారు అంతర్జాతీయ ఆకాశ పటానికై పలకలను తీసి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా ప్రకటించారు. ఆ నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడే తరువాత భారత ఖగోళ శాస్త్రానికి పితామహుడనదగిన వైను బప్పు. అక్కడ దీపం నుండి దీపం వెలిగింది.

విద్యార్థి మిత్రులారా! నాడు జమీందారు ఆస్తి వెచ్చిస్తే గాని దొరకని సాధనాలు నేడు సామాన్యునికి అందుబాటులోకి వచ్చినవి. చిన్న దూరదర్శిని, భూభ్రమణానికి అనుగుణంగా తిరిగే పీఠం, ఒక డిజిటల్ కెమేరా ఉంటే మృగశిర నీహారిక రంగులు, దేవయాని నక్షత్రవీథి సుడులు మన చేతికి చిక్కుతాయి. పలకకు బదులు సిలికాను ఫలకం వచ్చింది. ఒక దీర్ఘ చిత్రానికి బదులు అనేక చిన్న చిత్రాలను గణనయంత్రంలో ఒకదానిపై ఒకటి పేర్చి వెలుతురును కూడబెట్టవచ్చు. సీతంపేట, పార్వతీపురం మన్యపు కొండలలో పట్టణ దీపాల కాంతి సోకని చీకటి ఇంకా మిగిలియున్నది. ఆ చీకటి కూడ ఒక సంపదే.

సాధనాలు మారినా కావలసిన గుణాలు మాత్రం మారలేదు. అవి ఓర్పు, నిత్యం నమోదు చేసే అలవాటు, ముందువాడు మొదలుపెట్టిన పనిని తన పనిగా భావించే మనస్సు. నరసింగరావు గారి జీవితం మనకు చెప్పే పాఠం ఇదే. స్థాపించినవానికి కీర్తి రావచ్చు; కాని నిలబెట్టినవాని వల్లనే సంస్థ బ్రతుకుతుంది. మన కళాశాలలోని ఏ ప్రయోగశాలనైనా, ఏ గ్రంథాలయాన్నైనా, ఏ సంఘాన్నైనా అందుకొనే తరువాతి చేయి మనదే కావలెనని ప్రతి విద్యార్థీ సంకల్పించుకొంటే, డాబాగార్డెన్సు వేధశాలలో అసంపూర్ణంగా మిగిలిన ఆ స్వప్నానికి అదే నిజమైన నివాళి.